వేగిస గ్లాసులో నీలి వెలుగు

మా నాయనకు షుగరు. మాత్రల దారి మాత్రలది, పథ్యం దారి పథ్యానిది. అయినా వచ్చినవాళ్లు ఊరుకోరు కదా, తలా ఒకటి చెప్పి పోతుంటారు. ఆ వరసలోనే మా ఇంటికి వేగిస చెక్క గ్లాసు వచ్చింది. రాత్రి అందులో నీళ్లు పోసి మూత పెట్టి, తెల్లవారి పరగడుపున తాగాలట. దాంతో షుగరు తగ్గుతుందా లేదా అన్నది డాక్టర్లు చెప్పాల్సిన మాట. నేను చెప్పబోయేది వేరే సంగతి.

ఒకరోజు పొద్దున్నే నాయన ఆ నీళ్లను గాజు గ్లాసులోకి వంచి వరండా గట్టు మీద పెట్టారు. ఎండ ఏటవాలుగా పడుతోంది. గ్లాసుకు ఇవతల నుంచి చూస్తే టీ డికాషన్ రంగు. ఎండ తగిలే వైపు నుంచి చూస్తే అంచున పల్చటి నీలం! నూనె తెట్టేమోనని చెంచాతో తీయబోయాను. ఏమీ రాలేదు.

సెలవులకు వచ్చిన మా అక్క కూతురు ఫక్కున నవ్వింది. తిరుపతిలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతోంది. “అది తెట్టు కాదు మామా, వెలుగు. తాత తాగే నీళ్లు వెలగతా ఉండాయి” అంది.

వేగిస శేషాచలం కొండల్లో పెరిగే చెట్టే. మన ఎర్రచందనానికి దగ్గరి బంధువు; శాస్త్రవేత్తలు రెండింటికీ ఒకే ఇంటిపేరు పెట్టారు, టెరోకార్పస్ అని. ఆ చెక్కలోంచి నీళ్లలోకి దిగే పదార్థాలకు ఓ గుణం ఉంది. సూర్యకాంతిలో మన కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను తాగేసి, ఆ శక్తినే నీలం రంగు కాంతిగా బయటికి వదులుతాయి. దీన్నే ప్రతిదీప్తి అంటారు. బ్యాంకులో క్యాషియర్ ఐదొందల నోటును నీలం లైటు కింద పెట్టి చూస్తాడే, అప్పుడు నోటు మీద నంబరు మెరుస్తుంది. అక్కడ జరిగేదీ ఇదే.

ఈ బంధువుల కథ చాలా దూరం పోయింది. స్పెయిన్‌లోని సెవిల్ నగర వైద్యుడు నికొలాస్ మొనార్డెస్ 1565లో ఓ చెక్క గురించి రాశాడు. మెక్సికో నుంచి వచ్చిన ఆ చెక్కను నానబెడితే నీళ్లు నీలంగా మారతాయనీ, మూత్రపిండాల జబ్బుకు మందుగా వాడతారనీ చెప్పాడు. తర్వాత్తర్వాత ఫిలిప్పీన్స్ నుంచి అలాంటిదే ఇంకో చెక్కతో చేసిన గిన్నెలు యూరప్ చేరాయి. రాజులకు కానుకలుగా ఇచ్చేవారట. ఆ ఫిలిప్పీన్స్ చెట్టు కూడా టెరోకార్పసే. అంటే మా నాయన గ్లాసుకు పినతండ్రి వరస!

1664లో రాబర్ట్ బాయిల్ ఆ నీళ్లతో ఆడుకున్నాడు. పులుపు కలిపితే నీలం పోయింది. క్షారం కలిపితే మళ్లీ వచ్చింది. ఆయనకు తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, నీళ్లలో ఏముందో వెలుగును చూసి చెప్పే పద్ధతి అక్కడ మొదలైంది. ఇవాళ మీకు చెప్పదలచుకున్న కథ దాని కొనసాగింపే.

ఒకే రాయి, రెండు పేర్లు

ఈ వెలుగుకు పేరు పెట్టింది కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్. సంవత్సరం 1852. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం ఇలాగే నీలంగా మెరుస్తుంది కాబట్టి దాని పేరుమీదుగా ‘ఫ్లోరెసెన్స్’ అన్నాడు. ఫ్లోర్‌స్పార్ అంటే ఏమిటి? కాల్షియం ఫ్లోరైడ్. మన బోరునీళ్లలో భయపెట్టే ఫ్లోరైడ్ పేరు కూడా ఆ రాయి నుంచి వచ్చిందే. ఒక తల్లి కడుపున ఇద్దరు బిడ్డలు. ఒకడు వెలుగు, ఇంకొకడు జబ్బు.

ఫ్లోరైడ్ అనగానే మనకు నల్గొండ గుర్తొస్తుంది. కానీ మన దేశంలో ఈ జబ్బును తొలిసారి గుర్తించి వైద్య పత్రికకెక్కించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, మన పొరుగు నెల్లూరు ప్రాంతం నుంచి, 1937లో. మన చిత్తూరు వైపు కూడా రాతి నేల. గ్రానైటు, నైసు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వానలు తగ్గి బోర్లు లోతుకు పోయేకొద్దీ రాళ్ల మధ్య ఎక్కువకాలం నిలిచిన నీళ్లు పైకొస్తాయి. అందుకే కొన్ని ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ పరిమితి దాటుతుంది.

మా పెద్దమ్మ వాళ్ల ఊరు పడమటి మెట్టల్లో ఉంది. నా చిన్నప్పుడు అక్కడ కొందరు పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి, తోముకోక అలా అయిందని మేము వెక్కిరించేవాళ్లం. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాళ్లు వేపపుల్లతో మాకంటే బాగా తోముకునేవాళ్లు. నాలుగేళ్ల కిందట పెద్దమ్మ మనవడికి కొత్త పళ్లొచ్చినప్పుడు అవే చారలు కనిపించాయి. అప్పుడు నేనే బోరునీళ్లు సీసాలో పట్టి ఓ ఆఫీసులో ఇచ్చాను. ఆ సీసా ఏమైందో ఇప్పటిదాకా తెలియదు. మొదటిసారి వెళితే రేపు రమ్మన్నారు. మూడోసారి వెళితే సీసా మీద చీటీ ఊడిపోయిందన్నారు.

తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన దేశ ప్రమాణం. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. వెయ్యి గ్రాముల నీళ్లలో గ్రాములో వెయ్యోవంతు! రుచికి తెలియదు, వాసనకు అందదు. కాచినా పోదు సరికదా, నీళ్లు ఆవిరై మిగిలినవి ఇంకా చిక్కనవుతాయి. కాబట్టి ముందు తెలుసుకోవాలి. ఎంత ఉందో తెలిస్తేనే ఏం చెయ్యాలో ఆలోచించేది.

కలంకారీ ఎరుపు, కిట్టులో ఎరుపు

మొన్న దసరాకు పెద్దమ్మ ఇంటికి మేనకోడలిని వెంటబెట్టుకుని వెళ్లాను. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్నది లెక్క. పక్క వీధి కోడలు నేర్చుకుందట. కిట్టు తీసుకొచ్చి అరుగు మీద కూర్చుంది. గొట్టంలో నీళ్లు పోసి చుక్కలమందు వేసింది. ఎర్రగా ఉండాల్సిన రంగు కాస్త పాలిపోయింది. ఆ రంగును అట్టమీది గళ్లతో పోల్చి చూడాలి.

“ఇది మన కాళాస్తి అద్దకం మామా” అంది మేనకోడలు. నేను అర్థంకాక చూశాను.

విడమరచి చెప్పింది. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డకు ముందు పటిక పట్టిస్తారు. పటికలోని అల్యూమినియం రంగును గట్టిగా పట్టుకుంటుంది. వెనకట కోరమాండల్ తీరమంతా ఎర్రరంగుకు వాడిన చిరివేరులో ఉండేది అలిజరిన్. ఫ్లోరైడ్‌కు పాతకాలం పరీక్ష కూడా అలిజరిన్‌తోనే. కాకపోతే పటిక బదులు జిర్కోనియం అనే లోహం. రెండూ చేతులు పట్టుకుని ఉన్నంతసేపు ఎరుపు. ఫ్లోరైడ్ వచ్చిందంటే జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది. అలిజరిన్ ఒంటరిదై పసుపు పచ్చబడుతుంది. ఇవాళ్టి కిట్లలో రంగుమందు మారి ఉండొచ్చు, సూత్రం మాత్రం అదే.

రంగును చూసి లెక్క కట్టడంలో మనవాళ్లేం తక్కువ తినలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతిలో, నీలం రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఉన్నట్టు.

సరే, అరుగు మీదికి వద్దాం. సాయంత్రం వెలుతురు తగ్గిపోతోంది. గొట్టంలోని రంగు ఒకటి గడికీ ఒకటిన్నర గడికీ మధ్యన నిలిచింది. ఆ అమ్మాయి ఒకటేనంది. మా పెద్దమ్మ ఒకటిన్నరంది. నాకు రెండూ ఒకేలా కనిపించాయి. దీపం వేస్తే దీపం రంగు కలిసింది. ఆ రెండు గళ్ల మధ్యే కదా, పిల్లాడు ఆ నీళ్లు తాగొచ్చా లేదా అన్నది తేలాల్సింది!

రంగుతో చిక్కే ఇది. తెల్లటి వెలుతురులో కొంచెం తరుగును పట్టుకోవాలి. పగలు నక్షత్రాన్ని వెతికినట్టు. అదే చీకట్లో వెలిగే చుక్క అయితే? ఎంత చిన్నదైనా కనిపిస్తుంది. అందుకే రంగు మారే అణువుల బదులు వెలిగే అణువుల వెంట పడ్డారు రసాయన శాస్త్రవేత్తలు.

ఇరుసు, చక్రం, కడచీల

వెలిగే అణువు ఒక్కటే చాలదు. నీళ్లలో ఫ్లోరైడ్‌తోపాటు క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్, బైకార్బొనేట్ అన్నీ ఉంటాయి. ఇంతమందిలో కావలసినవాడినే పట్టుకునే గూడు కావాలి. ఆ గూడును కట్టే పనిలో ఇప్పుడు చాలామంది కళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకున్న అణువుల మీద పడ్డాయి.

రెండు గాజులు తీసుకోండి. పగలగొట్టకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసు కొక్కెంలా చేయగలరా? ఇంద్రజాలికుడు చేస్తే చప్పట్లు కొడతాం. అణువులతో ఆ పనిని 1960లో ఎడెల్ వాసర్‌మన్ చేశాడు. కాకపోతే అదృష్టం మీద ఆధారపడి. పొడవాటి అణువు వలయంగా చుట్టుకునేటప్పుడు ఇంకో వలయంలోంచి దూరితే దూరినట్టు! నూటికి ఒకటి కూడా దక్కలేదు. 1983లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో జాన్ పియర్ సవాజ్ ఉపాయం కనిపెట్టాడు. ఒక రాగి అయాన్‌ను మధ్యలో పెట్టి వలయాన్నీ దారాన్నీ దానికి అతికించాడు. తర్వాత దారం రెండు కొసలు కలిపాడు. రాగిని తీసేశాడు. గొలుసు మిగిలింది. నూటికి 42 వంతులు! నిజానికి ఆయన ఆ రోజుల్లో రాగి సమ్మేళనాలకూ కాంతికీ ఉన్న సంబంధం గురించి పనిచేస్తున్నాడు. గొలుసు దారిలో తగిలింది.

రెండో రకం మన ఎద్దులబండే. ఇరుసు, దానికి చక్రం, చక్రం ఊడిపోకుండా కొసన కడచీల. అలాంటి అణువును రొటాక్సేన్ అంటారు. 1991లో ఫ్రేజర్ స్టొడార్ట్ ఇరుసు మీద చక్రం ఇటూ అటూ జరిగేలా చేశాడు. ఆయన కరెంటు లేని స్కాట్లండు పల్లె పొలంలో పెరిగి, బొమ్మముక్కలు అతికించే ఆటలతో పొద్దుపుచ్చిన మనిషి. సవాజ్, బెన్ ఫెరింగాలతో కలిసి 2016లో నోబెల్ అందుకుని, 2024 డిసెంబరులో కన్నుమూశాడు.

చక్రానికీ ఇరుసుకూ మధ్యన చిన్న ఖాళీ ఉంటుంది చూశారా, అదే గూడు. ఆక్స్‌ఫర్డ్‌లో పాల్ బీర్ బృందం సవాజ్ రాగి బదులు క్లోరైడ్ అయాన్‌నే మధ్యలో పెట్టి చుట్టూ అణువులు అల్లింది. పని కాగానే క్లోరైడ్‌ను తీసేసింది. మైనపు బొమ్మ చుట్టూ మట్టి మెత్తి, మైనం కరిగించేశాక మిగిలే అచ్చులాంటిది అది. అందులో ఎవరు సరిగ్గా సరిపోతారో వేరే చెప్పాలా?

చేయి దాటే శక్తి

గూట్లోకి చుట్టం వచ్చాడు. వచ్చినట్టు మనకెవరు చెప్పాలి? ఇక్కడే శక్తి బదిలీ అన్నది అక్కరకొస్తుంది.

ఒకే శృతిలో ఉన్న రెండు వీణలు పక్కపక్కన పెట్టి ఒకదాని తీగ మీటితే రెండోది తనంతట తానే సన్నగా పలుకుతుంది. అణువుల్లోనూ అంతే. ఒక అణువు కాంతిని తాగి ఊగుతుంటే, దానికి తగ్గ అణువు దగ్గర్లో ఉంటే, ఆ ఊపు దానికి పోతుంది. మధ్యలో కాంతి ప్రయాణించదు. ఉత్తరం రాసి పోస్టు చేయడం కాదిది, చేతిలో చేయి పెట్టి అందించడం. మొదటిది నీలంగా వెలగాల్సింది పోయి రెండోది ఎర్రగా వెలుగుతుంది. తోతాపురి మామిడాకు ఎండను పట్టేది కూడా ఈ మార్గంలోనే. ఒక పత్రహరిత అణువు నుంచి ఇంకోదానికి, అలా చేతులు మారుతూ శక్తి అసలు పని జరిగే చోటికి చేరుతుంది.

జర్మనీ శాస్త్రవేత్త థియోడర్ ఫోర్‌స్టర్ 1948లో దీనికి లెక్క కట్టాడు. దూరం రెట్టింపైతే బదిలీ వేగం సగం కాదు, నాలుగోవంతూ కాదు, 64వ వంతుకు పడిపోతుంది! పది నానోమీటర్లు దాటితే దాదాపు ఏమీ ఉండదు. మన వెంట్రుక మందం ఎనభై వేల నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుందంటే ఎంత దగ్గరితనమో ఊహించుకోండి. అందుకే 1967లో లూబర్ట్ స్ట్రయర్ దీన్ని అణువుల మధ్య దూరం కొలిచే స్కేలుగా వాడొచ్చని చూపించాడు.

ఇప్పుడు బండిని మళ్లీ గుర్తు తెచ్చుకోండి. చక్రానికి నీలం వెలుగు అణువు కట్టండి, ఇరుసు కొసన ఎర్ర వెలుగు అణువు కట్టండి. గూట్లోకి అయాన్ రాగానే చక్రం జరుగుతుంది. దూరం మారుతుంది. ఒక నానోమీటరు జరిగినా చాలు, నీలం ఎక్కువా ఎరుపు ఎక్కువా అన్న లెక్క తారుమారవుతుంది. మామూలు అణువులకు దారాలతో రంగులు కడితే అవి ఎటుపడితే అటు ఊగిపోతాయి. చిక్కుపడ్డ అణువులు విడిపోనూ లేవు, ఇష్టం వచ్చినంత దూరం పోనూ లేవు. ఇంకో లాభం ఉంది. చూసేది వెలుగు ఎంత అని కాదు, రెండు రంగుల నిష్పత్తి. లైటు మసకబారితే రెండూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి మారదు. మా పెద్దమ్మ అరుగు మీది తగువు అక్కడితో తీరుతుంది!

మరి నీళ్లలో బురద, ఆకుల కషాయం కూడా కాస్త వెలుగుతాయి కదా, వేగిస చెక్కలాగే. దానికి యూరోపియం అనే లోహాన్ని తెచ్చారు. పాత కలర్ టీవీల్లో ఎరుపు దీనిదే. సొంతంగా కాంతిని తాగడంలో మహా బద్ధకం. పక్క అణువు తాగి అందిస్తే మాత్రం చక్కగా ఎర్రగా వెలుగుతుంది. ఈ సంగతిని 1942లోనే వైస్‌మన్ గమనించాడు. బురద వెలుగు సెకనులో కోట్లవంతుల్లో ఆరిపోతుంది. యూరోపియం వెలుగు సెకనులో వెయ్యోవంతు దాకా ఉంటుంది. కాబట్టి దీపం ఆర్పి, గోల సద్దుమణిగేదాకా ఆగి చూస్తే సరి. బీర్ బృందం స్టీఫెన్ ఫాల్క్‌నర్‌తో కలిసి ఈ కుటుంబపు లోహాలను రొటాక్సేన్లకు తగిలించింది. క్లోరైడ్ గూట్లో చేరగానే వెలుగులో తేడా కనిపించింది. తమాషా ఏమిటంటే, స్టోక్స్ పేరు అరువు తెచ్చుకున్న ఆ ఫ్లోర్‌స్పార్ రాయి నీలంగా మెరవడానికి ముఖ్య కారణం అందులో లేశమంత కలిసిన యూరోపియమే.

కొంగు వదలని బిడ్డ

ఇంత విన్నాక నేను ఆశగా అడిగాను, మరి ఆ మందు ఎక్కడ దొరుకుతుందని.

మేనకోడలు తల అడ్డంగా ఊపింది. “దొరకదు మామా. అసలు గొడవంతా నీళ్లతోనే ఉండాది” అంది.

ఈ చిక్కుముడి అణువుల్లో చాలావాటిని ముందు పరీక్షించింది క్లోరోఫాం, ఎసిటోనైట్రైల్ లాంటి ద్రావకాల్లో. అక్కడ అయాన్ ఒంటరి, పిలిస్తే గూట్లోకి వస్తుంది. నీళ్లలో అలా కాదు. ప్రతి అయాన్ చుట్టూ నీటి అణువులు మూగుతాయి. వాటిని విడిపించుకుని రావాలి. పెద్దదైన అయొడైడ్‌కు ఆ పట్టు వదులు. 2014లో బీర్ బృందం నీళ్లలోనే అయొడైడ్‌ను గట్టిగా పట్టే రొటాక్సేన్‌ను చేసి చూపింది. ఫ్లోరైడ్ అన్నిట్లోకీ బుడ్డిది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో జనాన్ని చూసి తల్లి కొంగు పట్టుకున్న పసిబిడ్డ ఎలా వదలడో, అది నీటిని అలా వదలదు. పైగా ఒక్కో చిక్కుముడి అణువు చేయడానికి మెట్టు మెట్టుగా చాలా పని. గ్రాములో వెయ్యోవంతుల్లో తయారవుతుంది. కిట్టులో చుక్కలమందు ధరకు అది ఎప్పుడొస్తుందో?

అంటే మా ఊరికి కావలసిందే అందరికంటే కష్టమైనదన్నమాట! నాకు నీరసం వచ్చింది. ఆ పిల్లకు రాలేదు. “కష్టమైనదే కదా మామా చదవాల్సింది” అని, మళ్లీ తనే “ఊరికే అంటున్నాలే, ముందు ఈ పరీక్షలు పాసవనీ” అంది.

తిరుపతిలో ఆ చదువుకు చోటు లేకపోలేదు. 1954లో వచ్చిన వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ ఏర్పేడు దగ్గర ఉన్నాయి. ఎవరి బల్ల మీద ఏ అణువు తయారవుతుందో ఎవరు చెప్పగలరు?

పెద్దమ్మ మాత్రం ఇవన్నీ వింటూ బియ్యంలో రాళ్లేరుతోంది. “వెలుగుతాదో ఆరతాదో నాకు తెల్దు గానీ, పిల్లోడికి ఏ నీళ్లు తాపమంటారు?” అని అడిగింది. దానికి జవాబుంది. ఆ రోజు నుంచి పిల్లాడికి తాగడానికీ అన్నం వండడానికీ ఆర్వో ప్లాంటు నీళ్లు. మిగతా వాడకానికి బోరు. నల్గొండ పేరు పెట్టిన పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీయొచ్చు గానీ, పాళ్లు తెలిసినవాళ్లు చేయాలి. అందుకు ముందు అసలు ఎంతుందో కచ్చితంగా తేలాలి.

మరుసటి పొద్దున బయల్దేరేటప్పుడు మేనకోడలు బోరు దగ్గర ప్లాస్టిక్ సీసా నింపింది. గాజు సీసా ఇవ్వబోతే వద్దంది. ఫ్లోరైడ్ గాజుతో కలబడుతుందట, లెక్క తప్పుతుందట. ఊరి పేరు, తేదీ, బోరు గుర్తు చీటీ మీద కాకుండా సీసా మీదే చెరగని పెన్నుతో రాసింది. తిరుపతిలో తెలిసిన ల్యాబులో డబ్బు కట్టి పరీక్ష చేయిస్తానంది. పెద్దమ్మ గడప దాకా వచ్చి సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది.

“మూత గట్టిగా బిగించు పాపా. బస్సులో కారిపోతాది.”